తిరగేసి పెట్టిన సెల్లు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మా కాలేజీ వాళ్ళు ఎగరేసిన బెలూన్‌లో రేడియో చెడిపోలేదు. పైన చలికి గడ్డకట్టలేదు, వైరు ఊడలేదు, బ్యాటరీ సెల్లు జారిపోలేదు. మా సీనియర్లు ప్రాజెక్టు రిపోర్టులో రాసిన కారణాల్లో ఒక్కటీ నిజం కాదు. దాని నోరు నేను మూశాను. నా చేత్తోనే, పట్టపగలు, కాలేజీ అంతా చూస్తుండగా మూశాను. ఆ రోజు డైరీలో కూడా రాసే ధైర్యం చాలక “ఈ రోజు గాలి అనుకూలంగా ఉంది” అని ఒక్క వాక్యం రాసి పుస్తకం మూసేశాను.

ఆ రోజుల్లో నాకొక నమ్మకం ఉండేది. చట్టం చదవని వాళ్ళ జోలికి రాదని, చదివిన వాళ్ళనే వెతుక్కుంటూ వస్తుందని. మా వీధిలో ఒకే బండి మీద ముగ్గురేసి తిరిగేవాళ్ళు హాయిగా ఈల వేసుకుంటూ పోయేవాళ్ళు. నేను మాత్రం బస్సు టికెట్టు మీద సన్నక్షరాల్లో ఉన్న షరతులు కూడా చదివి, దిగేదాకా టికెట్టును పిడికిట్లో పట్టుకుని కూర్చునేదాన్ని. (చెమటకు అక్షరాలు చెరిగిపోతే చెల్లదేమోనని మధ్యమధ్యలో గుప్పిట తెరిచి ఊదేదాన్ని కూడా.) ఇంటికి ఎవరన్నా వస్తే వంటింట్లోకి పోయి, వాళ్ళు వెళ్ళిపోయిన చప్పుడు విన్నాక బయటికి వచ్చే పిల్లను. అలాంటి దానికి ప్రపంచంతో మాట్లాడే లైసెన్సు వచ్చిందంటే తప్పంతా కాలేజీ లైబ్రరీదే. అట్ట ఊడిపోయిన పుస్తకమొకటి, ఎవరూ ముట్టుకోనిది, నా చేతికి చిక్కింది. హ్యామ్ రేడియో గురించి. వ్యాపారం కోసం కాకుండా సరదాకోసం, నేర్చుకోవడం కోసం రేడియోలో ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు దేశమంతా ఉన్నారని, పరీక్ష రాసి పాసైతే ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుందని అందులో ఉంది. మొహం కనపడకుండా మాట్లాడొచ్చన్న మాట నాకు నచ్చింది. దరఖాస్తు పెట్టి, పరీక్ష రాసి, పాసయ్యాను.

లైసెన్సు ఇచ్చే ముందు మనిషి ఎలాంటిదో విచారించడం ఆనవాయితీ. ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ బండి మీద వచ్చి, మా వీధి మొదట్లో ఆగి, నా పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగాడట. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చి మలుపు తిరిగేసరికి నా మీద మూడు కథలు తయారై ఉన్నాయి. ఒకదాంట్లో నేను ఎవరితోనో లేచిపోబోతూ పట్టుబడ్డాను. (ఎదురింటి పిన్ని మాత్రం నమ్మలేదట. “ఆ పిల్ల లేచిపోవాలన్నా ముందు ఎవురితోనన్నా మాట్లాడాల గదా” అన్నదట. నా శీలానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.) మా నాయన పలకల కార్ఖానాలో రాయి చీల్చే పని చేసేవాడు. ఆయన్ను పని మధ్యలో పిలిపించి, మీ అమ్మాయికి వైర్‌లెస్ సెట్టు ఎందుకని కానిస్టేబుల్ అడిగాడట. చదువుకొనేదానికి సార్ అని నాయన జవాబు చెప్పాడట. మా అమ్మాయి ఈ యంత్రాన్ని నిబంధనల ప్రకారమే వాడుతుంది, దానికి నాది పూచీ అని కానిస్టేబుల్ చెబుతుంటే తెల్లకాగితం మీద రాసి, బూడిదరంగు పొడి అంటిన వేళ్ళతోనే సంతకం పెట్టాడు. ఆ రోజు అన్నం దగ్గర నా వైపు చూడకుండా అన్నాడు:

“నీ మింద సంతకం పెట్టినా పాపా. నిబంధనలంటే ఏందో నాకు తెల్దు. నీకు తెలుసు గదా, చూసుకో.”

ఆ ‘చూసుకో’ అప్పటినుంచి నా నెత్తిమీదే ఉంది.

కొన్ని నెలలకు లైసెన్సు వచ్చింది. దానితోపాటు కాల్‌సైన్ అని కొన్ని అక్షరాల వరుస ఇచ్చారు. రేడియోలో మనకు అదే పేరు. నా పేరు గలవాళ్ళు మార్కాపురంలోనే నలుగురున్నారు, ఈ అక్షరాలు మాత్రం ప్రపంచం మొత్తం మీద నావే. ల్యాబులో మూలపడి ఉన్న చేతి సెట్టు ఒకటి మా సార్ నాకిచ్చారు. నాయన మిద్దె మీద వెదురు కట్టెకు యాంటెన్నా కట్టిపెట్టాడు. వారం రోజులు ఊరికే విన్నాను. ఎనిమిదో రోజు దేవుడికి దండం పెట్టుకుని, మీట నొక్కి, నా కాల్‌సైన్ చెప్పాను. వెంటనే కంభం నుంచి ఒక ముసలి గొంతు “చెప్పమ్మా, చక్కగా వినపడతా ఉంది” అంది. అంత చక్కగా వినపడుతున్నానని తెలిసేసరికి భయమేసి సెట్టు ఆపేశాను. ఆ తర్వాత ఆరు నెలలు దాని జోలికి పోలేదు.

అప్పుడు వచ్చింది బెలూన్. దాని వెనకున్న మనుషులు ఇద్దరు. ఒకరు మా సార్. గుంటూరు వైపు మనిషి, మంచివాడు. ఏ మాటైనా సరే కాలేజీ లెటర్‌హెడ్ మీద టైపు చేసి స్టాంపు కొడితే చట్టమైపోతుందని ఆయన నమ్మకం. అందుకని మేమంతా ఆయన్ను లెటర్‌హెడ్ సార్ అనుకునేవాళ్ళం. (అన్యాయంగా మాట్లాడకూడదు. మా ఇల్లు కాక కాలేజీని కూడా నా లైసెన్సులో రెండో చోటుగా రాయించింది ఆ లెటర్‌హెడ్డే.) రెండోవాడు చివరి ఏడాది చదివే సీనియర్, రాకెట్ అన్న. మనిషెత్తు రబ్బరు బెలూన్‌లో గ్యాసు నింపి, దాని కింద పారాచూటు, పారాచూటు కింద థర్మోకోల్ డబ్బా కట్టి, విమానాలు తిరిగే ఎత్తు కంటే పైకి పంపాలని వాళ్ళ పథకం. డబ్బాలో కెమెరా, చలి కొలిచే పరికరం, చిన్న రేడియో ఉంటాయి. పైన బెలూన్ పగులుతుంది, డబ్బా పారాచూటుతో ఎక్కడో దిగుతుంది, ఎక్కడ దిగిందో రేడియో చెబుతుంది, పోయి తెచ్చుకోవాలి. రాకెట్ అన్నతో కలిపి నలుగురి చివరి ఏడాది మార్కులు ఆ డబ్బాలో ఉన్నట్టు లెక్క. రేడియో తాను ఎవరిదో చెప్పుకోవడానికి కాల్‌సైన్ కావాలి. కాలేజీ మొత్తం మీద అది ఉన్నది నాకే.

“నువ్వేం మాట్లాడక్కర్లేదమ్మా. నీ పేరు మీద అదే మాట్లాడుతుంది” అన్నారు సార్.

అంతవరకు నాతో ఎవరూ ఇంత మంచి మాట అనలేదనిపించి వెంటనే ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక నిబంధనలు తీసి చదివాను. అక్కడే వచ్చింది చిక్కు. ఎప్పుడూ చదివాక ఒప్పుకునే దాన్ని, పొగడ్తకు మురిసి ఈ ఒక్కసారి వరుస తప్పాను. నేల మీద, రాయించుకున్న చోట సెట్టు వాడుకోవడం వరకే నాకు చెల్లుతుంది. విమానంలో గానీ, గాలిలో పోయే మరి దేనిలో గానీ పెట్టి వాడాలంటే విడిగా అనుమతి కావాలి. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి కూడా మారలేదు.

సార్‌కు చెప్పాలని మూడు రోజులు ప్రయత్నించాను. మొదటి రోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడితే, పని కోసం వచ్చాననుకుని రికార్డు పుస్తకాల కట్ట ఒకటి నా చేతికిచ్చి ల్యాబులో పెట్టమన్నారు. రెండో రోజు చీటీ మీద రాసి ఆయన పుస్తకంలో పెట్టాను. ఆయన దాన్ని పేజీ గుర్తుగా వాడుకున్నారు. మూడో రోజు నోరు తెరిచి చెప్పాను. సార్ నవ్వి బీరువాలోంచి ఒక కాగితం తీశారు. విమానాల రాకపోకలు చూసేవాళ్ళు పంపింది. ఏ రోజు, ఏ సమయం మధ్య, ఎంత బరువు, అన్నీ ఉన్నాయి.

“చూడమ్మా, వాళ్ళే ఎగరేసుకోండన్నారు. బెలూన్ ఎగరొచ్చంటే బెలూన్‌లో ఉన్నదీ ఎగరొచ్చనేగా?”

గిద్దలూరు బస్సులో మనిషికి టికెట్టు తీసుకుంటే గంపలో కోడికి చెల్లదు సార్, అని నాలుక చివరిదాకా వచ్చింది. (నిజంగానే చెల్లదు. నేను చదివాను.) కానీ నేను అన్నది “సరే సార్” అని మాత్రమే. ఇంటికి పోయి, లైసెన్సు ఇచ్చిన ఢిల్లీ ఆఫీసుకు ఉత్తరం రాశాను. బెలూన్ ఎగరడానికి నాలుగు రోజుల ముందు జవాబుగా ఒక ఫారం వచ్చింది. విమానం రిజిస్ట్రేషను నంబరు, విమానం యజమాని, పైలట్ పేరు నింపి పంపమని. అది నిజం విమానాల కోసం చేసిన ఫారం, దాని తప్పేమీ లేదు. రాకెట్ అన్న చూసి, “పైలట్ దగ్గర వాయుదేవుడు అని రాయి చెల్లే, ఎవరూ కాదనలేరు” అన్నాడు. ఇది తేలేదాకా ఆగుదామని, లేదంటే లైసెన్సే అక్కర్లేని తక్కువ శక్తి రేడియోలు ఉన్నాయి, వేరే ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి, అవి తెప్పిద్దామని నేల చూపులు చూస్తూ చెప్పాను. అవి వచ్చేలోగా మా పరీక్షలే అయిపోతాయి, ముఖ్య అతిథికి పిలుపు వెళ్ళింది, షామియానా కూడా చెప్పేశారు అన్నాడు. షామియానా ముందు నిబంధన ఎంత.

ఆ నాలుగు రోజుల డైరీ ఇప్పుడు తీసి చదివితే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం అన్నం సహించలేదు. ఒక పేజీలో నా భయాలకు అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి, లైసెన్సు రద్దవుతుంది. రెండు, కానిస్టేబుల్ మళ్ళీ బండి మీద వస్తాడు. మూడు, నాయన సంతకం. మూడోదాని కింద గీత, గీత కింద ఇంకో గీత, కాగితం చిరిగేంత గట్టిగా.

ఎగరేసే రోజు పొద్దున మైదానంలో కాలేజీ మొత్తం ఉంది. కందులు కోసే రోజులు, చల్లగా ఉంది. అప్పుడు గేటు దగ్గర తెల్లచొక్కా ఒకటి కనపడింది. నాయన. కార్ఖానాకు సగం పూట సెలవు పెట్టి వచ్చాడు. నేను పిలవలేదు. విషయం ఎదురింటి పిన్ని చెప్పిందట. (నేను మాట్లాడకపోయినా నా సంగతులు ఎలా ఊరంతా తిరిగేవో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.)

“కార్ఖానాలో అందరికీ చెప్పొచ్చినా” అన్నాడు. “ఆకాశంలోనుంచి నీ పేరు వస్తాదంట గదా.”

“పేరు కాదు నాయనా. టిక్కు టిక్కుమని వస్తుంది, అంతే.”

“టిక్కు టిక్కుమంటే ఏంది, నీదే గదా” అని స్పీకరుకు అందరికంటే దగ్గరున్న కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

లైసెన్సు నాది కాబట్టి రేడియో సరిచూసి డబ్బా మూసే పని నాదే. సరిచూశాను. స్పీకరులో టిక్కు టిక్కుమంది. నాయన పక్కవాళ్ళకు నన్ను చూపించాడు. ఆ క్షణంలో నాకు రెండే కనపడ్డాయి: తెల్లచొక్కా ఒకటి, తెల్లకాగితం ఒకటి. ఇప్పుడు ఈ డబ్బా టిక్కు టిక్కుమంటూ నేల విడిచి అరచెయ్యంత పైకి లేచినా, నాయన పూచీ పడ్డ కాగితం అబద్ధమైపోతుంది. లేవకపోతే నాయన ఇంతదూరం వచ్చి ఏమీ వినకుండా పోతాడు. వద్దని గట్టిగా చెప్పాలంటే అందరి ముందు మాట్లాడాలి. అదొక్కటి మాత్రం నా వల్ల కాదు.

రేడియోకు రెండు సెల్లులు, పక్కపక్కన. వాటిని చూస్తుంటే ఇంట్లో మేకుకు తగిలించే బ్యాటరీ లైటు గుర్తొచ్చింది. నాయన దాన్ని సంచిలో వేసుకుపోయేటప్పుడు రెండు సెల్లుల్లో ఒకదాన్ని తీసి తిరగేసి పెట్టేవాడు. సంచిలో మీట నొక్కుకుపోయినా లైటు వెలగదు, సెల్లులు అరిగిపోవు. అవసరమైనప్పుడు సరిగ్గా తిప్పుకుంటాడు. చిన్నప్పుడు ఆ తిప్పే పని నాకిచ్చేవాడు. నేను ఆలోచించానని చెప్పను. నా వేళ్ళకు ఆ పని తెలుసు, అవే చేశాయి. టిక్కు టిక్కు ఆగింది. అదే సమయానికి ముఖ్య అతిథి వచ్చారని మైకు మోగడంతో ఎవరూ గమనించలేదు. మూత పెట్టి, టేపు చుట్టి, పైన “ఇది ప్రమాదకరమైన వస్తువు కాదు” అన్న కాగితం, సార్ ఫోన్ నంబరు, నా కాల్‌సైన్ అంటించి ఇచ్చేశాను.

బెలూన్ లేచింది. అంత అందమైన వస్తువును అంత భయంతో ఎవరూ చూసి ఉండరు. చప్పట్లయ్యాక అందరూ స్పీకరు వైపు తిరిగారు. స్పీకరులో వాన కురుస్తున్నట్టు హోరు, అంతే. పైకి పోయేకొద్దీ బాగా వస్తుందని సార్ ముఖ్య అతిథికి చెప్పారు. రాకెట్ అన్న సెట్టును ఒకసారి కొట్టాడు, తర్వాత ఊదాడు, తర్వాత బతిమాలాడు. ముఖ్య అతిథి టిఫిను తిని వెళ్ళిపోయారు. నాయన మాత్రం చెవి స్పీకరుకు ఆనించి గంటసేపు కూర్చున్నాడు. చివరికి లేచి నా దగ్గరికొచ్చి, “గాలి ఎక్కువుండాది పాపా, దానికేం తెలుస్తాదిలే” అని నన్నే ఓదార్చి కార్ఖానాకు వెళ్ళిపోయాడు. సైకిలెక్కుతున్న ఆ తెల్లచొక్కా వీపు నాకిప్పటికీ కనపడుతుంది.

ఒక భయం తీరితే దాని స్థానంలో రెండు వచ్చాయి. నోరులేని డబ్బా ఎక్కడ పడిందో ఎవరికి తెలుస్తుంది? నలుగురి మార్కులు నల్లమలలో పడ్డాయా, ఎవరి నెత్తిన పడ్డాయా? కంప్యూటరు లెక్క ప్రకారం గాలి కొమరోలు వైపు తీసుకుపోవాలి. కాలేజీ వ్యాన్‌లో సార్, నలుగురు సీనియర్లు, నేను బయలుదేరాం. రాకెట్ అన్న ఆశ చావక యాంటెన్నాను కిటికీలోంచి బయటపెట్టి దారి పొడవునా తిప్పుతూనే ఉన్నాడు. కంభంలో టీ కోసం ఆపితే ఆ యాంటెన్నా చూసి ఒక పెద్దమ్మ వచ్చి, “మా ఇంట్లో రెండు చానళ్ళు గీతలు గీతలుగా వస్తా ఉండాయి, ఆ పక్క వీధే, చూసిపో నాయనా” అంది. మావాడు కేబులు మనిషిని కాదని ఎంత చెప్పినా వినలేదు, పోయేటప్పుడన్నా చూడమంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఇప్పుడే చెప్పేద్దాం అని తర్లుపాడులో అనుకున్నాను, కంభంలో అనుకున్నాను, గిద్దలూరులో కూడా అనుకున్నాను.

గిద్దలూరు దాటాక సార్ ఫోన్ మోగింది. స్పీకరులో పెట్టారు. ఎవరో మేకల కాపరి.

“సార్, మీ డబ్బా మా జీవాల మధ్యన పడింది. బిరీన రాండి, ఒక మేక మీ గుడ్డ తింటా ఉంది.”

వ్యాన్‌లో ఒకటే కేరింతలు. రేడియో చెప్పలేనిది మేక చెప్పిందని రాకెట్ అన్న ఎగిరి కూర్చున్నాడు. కాపరి గొంతు ఆగి, ఇంకో మాట చెప్పింది. “పోలీసాయన గూడ వచ్చినాడు.”

డైరీలో రెండో నంబరు భయం నాకంటే ముందు కొమరోలు చేరుకుంది.

కొమరోలు అవతల కోసిన కందిచేనులో మేకలు, గొర్రెలు, వాటి మధ్య మా డబ్బా, దాని పక్కన చేతికర్ర మీద ఆనుకుని కాపరి తాత, ఆయన పక్కన కానిస్టేబుల్. ఆకాశంలోంచి కెమెరా ఉన్న డబ్బా పడిందని ఎవరో ఫోన్ చేస్తే వచ్చాడట. మేక నమిలేటప్పుడు టేపు తెగి మూత ఊడింది. సార్ దర్జాగా తన కాగితం తీసి ఇచ్చారు. కానిస్టేబుల్ దాన్ని మొదటినుంచి చివరిదాకా, కింద స్టాంపు మీది అక్షరాలతో సహా, వేలు పెట్టి చదివాడు. నాలాగా కాగితం చివరిదాకా చదివే మనిషిని చూడడం అదే మొదలు. అంత భయంలోనూ గౌరవం కలిగింది.

“దీంట్లో బెలూన్ అని ఉంది. కెమెరా అని ఉంది. వైర్‌లెస్ అని యాడా లేదే?” అన్నాడు. “ఈ డబ్బా మీద రాసిన అక్షరాలు ఎవురివి?”

సార్ మొహంలో రంగు మారింది. బహుశా పేజీ గుర్తుగా పెట్టుకున్న చీటీ అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. ఆయన, నలుగురు సీనియర్లు, రెండు మూడు మేకలు నా వైపు తిరిగాయి.

“నావి సార్” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “రేడియో ఉంది సార్. కానీ నేల విడిచినప్పటినుంచి అది ఒక్క మాట కూడా మాట్లాడలేదు. పొద్దుననుంచి అందరూ విన్నారు. ఏమీ రాలేదు సార్.”

కానిస్టేబుల్ సార్ వైపు చూశాడు. పొద్దుననుంచి రేడియో పనిచేయలేదని ఏడుస్తున్న సార్, ఇప్పుడు అదే మాట పండగలా చెప్పారు. పనిచేయలేదండీ, అసలు పనిచేయలేదండీ, కావాలంటే ముఖ్య అతిథిని అడగండీ అన్నారు. కానిస్టేబుల్ కాసేపు ఆలోచించి, తెల్లకాగితం తీసి, రేడియో గాలిలో పనిచేయలేదని నా చేత రాయించి సంతకం పెట్టించుకున్నాడు. ఇంకోసారి దానికి గూడ కాగితం తెచ్చుకోండి అని బండెక్కాడు. రాసినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు.

నలుగురు సీనియర్లు పారాచూటు ఒక కొస పట్టుకున్నారు, మేక రెండో కొస పట్టుకుంది. సార్ ఫోన్‌లో ప్రిన్సిపాల్‌కు శుభవార్త చెబుతున్నారు. నాకప్పుడు గుర్తొచ్చింది. మూత తీసి ఉన్న డబ్బాలో సెల్లు ఇంకా తిరగేసే ఉంటుంది. రాకెట్ అన్న చూడడానికి ఒక్క నిమిషం చాలు. డబ్బా దగ్గరికి నడిచాను. తాత అప్పటికే దాని పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నీళ్ళు తాగుతావా అని బాటిల్ చాపాడు. అందుకుంటే బాటిల్‌తోపాటు ఇంకేదో చల్లగా అరచేతిలోకి వచ్చింది. సెల్లు.

“పెట్టుకో మనవరాలా” అన్నాడు, మేకల వైపే చూస్తూ. “తిరగబడి ఉంటే ఎవురు పెట్టినారని అడుగుతారు. లేకుంటే యాడనో పడిపోయిందనుకుంటారు.”

తాత కర్రతో ఒక గొర్రెను అదిలించి, తీరిగ్గా చెప్పాడు. “మంద కాడ బ్యాటరీ లైటుకు మేము గూడ ఇట్లనే పెడతాం. దొరికినప్పుడు చూసి, ఇది చెడిపోయింది కాదు, ఎవురో మనోళ్ళే నిద్రపుచ్చినారు అనుకున్యా. పోలీసాయనతో నువ్వు మాట్లాడేటప్పుడు నీ కండ్లు డబ్బా మీదనే ఉండాయి.”

“మా నాయన నేర్పినాడు తాతా” అన్నాను. ఆ రోజు నేను ఒప్పుకున్నది అంతవరకే.

తర్వాతిదంతా మీరు ఊహించగలరు. సెల్లు జారిపోయి ఉంటుందని రాకెట్ అన్న తేల్చాడు, మిగతా కారణాలు పేజీలు నిండడానికి చేర్చారు. కెమెరాలో బొమ్మలు అద్భుతంగా వచ్చాయి. కింద గుండ్లకమ్మ ఏరు సన్నటి దారంలా, పైన నల్లటి ఆకాశం. నలుగురూ మంచి మార్కులతో పాసయ్యారు. మరుసటి ఏడు సార్ లైసెన్సు అక్కర్లేని తక్కువ శక్తి రేడియో తెప్పించి, దానికీ బెలూన్‌కూ ఉన్న నిబంధనలన్నీ నా చేత చదివించి, ఆ తర్వాతే షామియానా చెప్పారు. నేనిప్పుడు గిద్దలూరులో ఒక పాలిటెక్నిక్ ల్యాబులో పనిచేస్తున్నాను. పిల్లలకు రేడియో పాఠం చెప్పేటప్పుడు నిబంధనల పేజీ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, వాళ్ళు ఆవలిస్తారు. ఆ సెల్లు నా బల్ల సొరుగులో ఉంది. ఎప్పుడో అరిగిపోయింది. బస్సులో టికెట్టు ఊదుకుంటూ కూర్చున్న ఆ పిల్ల పక్క సీట్లో కూర్చునే వీలుంటే, చెయ్యి తెరువమ్మా, కాసేపు కిటికీలోంచి చూడు అని చెప్పాలనిపిస్తుంది. ఆమె వినదనుకోండి. ఆ మాట ఎక్కడ రాసి ఉందో చూపించమంటుంది.

కానీ ఆ రోజు అక్కడితో అయిపోలేదు. పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాను. నాయన మిద్దె మీద పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు, ఇంకా ఆ తెల్లచొక్కాతోనే. కార్ఖానాలో ఏం చెప్పావు నాయనా అని అడిగాను. గాలి ఎక్కువైందని చెప్పినా అన్నాడు. వాళ్ళు నవ్వినారా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. లోపలికి పోయి, ఆరు నెలల దుమ్ము తుడిచి, చేతి సెట్టు తెచ్చాను. వెదురు కట్టెకున్న వైరు తగిలించాను. ఇది నా లైసెన్సులో రాసిన చోటు. కాళ్ళు నేల మీదున్నాయి. (సరే, మిద్దె మీద. మిద్దె గాలిలో తేలదు.) మీట నొక్కి నా కాల్‌సైన్ చెప్పాను. హోరు. మళ్ళీ చెప్పాను. నాయన తల ఎత్తాడు.

“కంభం నుంచి చెబుతా ఉండా” అంది ముసలి గొంతు. “ఆర్నెల్ల కిందట ఒకసారి పలికి మాయమైపోయినావు, ఆ అమ్మాయివేనా? ఆపేయబాకమ్మా ఈసారి.”

ఆపలేదు. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. మీ ఊళ్ళో వాన పడిందా అన్నాడు, లేదన్నాను. మార్కాపురం పలకలు ఇప్పటికీ చేస్తున్నారా అన్నాడు, చేస్తున్నారు, మా నాయన చేస్తాడన్నాను. మీ నాయనకు నమస్కారం చెప్పమ్మా అని ఆ గొంతు అనగానే, నాయన పిట్టగోడ దగ్గరనుంచి లేచి నిలబడి, సెట్టుకు రెండు చేతులూ జోడించాడు. పొడి అంటిన ఆ చేతులు చూస్తూ పావుగంటసేపు మాట్లాడాను. నా జన్మలో ఒక్క మనిషితో అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి. సెలవు చెప్పి సెట్టు కట్టేశాను. తర్వాత నాయన మెట్ల దగ్గరికి పోయి, ఒక మెట్టు దిగి, ఆగి, వెనక్కి తిరిగాడు.

“ఆయన ఎవురో ఏమో గానీ పాపా, బాగా మాట్లాడినావు. మాతో గూడ అప్పుడప్పుడు ఇట్ల మాట్లాడరాదూ.”